దారి హక్కు, భూమి హక్కు: మేఘ్రి మీదుగా 43 కిలోమీటర్లు

నౌపడ జంక్షన్‌లో గుణుపురం వెళ్లే రైలెక్కిన ప్రయాణికుడు టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి చేరేలోపు ఒక సరిహద్దు దాటుతాడు. దాటిన సంగతి అతనికి స్టేషన్ బోర్డు మీద ఒడియా అక్షరాలు కనిపించినప్పుడే తెలుస్తుంది. పర్లాకిమిడి సంస్థానం చొరవతో 1900లో నడక మొదలుపెట్టిన ఈ చిన్న లైను 1931 నాటికి గుణుపురం వరకు సాగింది. అప్పుడు ఈ దారంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడడంతో, అప్పటికే పరిచి ఉన్న పట్టాల మీదుగా కొత్త గీత పడింది. అయినా రైలు ఆగలేదు. గీతకు రెండువైపులా ఉన్నది ఒకే ప్రభుత్వపు రైలు, ఒకే టిక్కెట్టు, ఒకే శిక్షాస్మృతి కనుక ఆగవలసిన అవసరం రాలేదు.

ఇలాగే సరిహద్దు లేని కాలంలో వేసిన మరో లైను దక్షిణ కాకసస్ ప్రాంతంలో, ఇరాన్ అంచున ప్రవహించే అరస్ నది ఒడ్డున ఉండేది. సోవియట్ కాలంలో అజర్‌బైజాన్ రాజధాని బాకూ నుంచి బయలుదేరిన రైలు ఆ నది వెంట అర్మేనియాలోని మేఘ్రి మీదుగా నఖ్చివాన్ చేరి, అక్కడి నుంచి అర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్లేది. పట్టాలు వేసినవారి దృష్టిలో అర్మేనియా, అజర్‌బైజాన్ అనేవి ఒకే దేశంలోని రెండు రిపబ్లిక్కులు. వాటి మధ్య గీత మన పాతపట్నం, పర్లాకిమిడిల మధ్య గీతలాంటిదే. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో ఆ గీత అంతర్జాతీయ సరిహద్దుగా మారింది. అప్పటికే, అజర్‌బైజాన్‌లో అర్మేనియన్లు ఎక్కువగా ఉండిన కారాబాఖ్ ప్రాంతం కోసం రెండు జాతుల మధ్య రక్తపాతం మొదలై ఉంది. 1990ల ఆరంభంలో రైళ్లు నిలిచిపోయాయి. మేఘ్రి భాగంలో తర్వాతి కాలంలో పట్టాలు కూడా మిగలలేదు. సుమారు 43 కిలోమీటర్ల ఆ ముక్క కోసమే ఇప్పుడు అర్మేనియా, అజర్‌బైజాన్, ఇరాన్, టర్కీ, రష్యా, అమెరికా తలపడుతున్నాయి.

పటం చూస్తే కథలో సగం అర్థమవుతుంది. నఖ్చివాన్ అజర్‌బైజాన్‌కు చెందిన భూభాగమే అయినా, ప్రధాన భూభాగానికి అంటుకోకుండా విడిగా ఉంటుంది. దాని విస్తీర్ణం సుమారు 5,500 చదరపు కిలోమీటర్లు. తూర్పున, ఉత్తరాన అర్మేనియా, దక్షిణాన ఇరాన్, పడమటి కొసన టర్కీతో ఇరవై కిలోమీటర్లకు తక్కువైన సన్నని సరిహద్దు ఉన్నాయి. 1921లో కుదిరిన మాస్కో, కార్స్ ఒప్పందాలు దీన్ని అజర్‌బైజాన్ సంరక్షణలోని స్వయంప్రతిపత్తి ప్రాంతంగా గుర్తించాయి. నఖ్చివాన్‌కూ అజర్‌బైజాన్ ప్రధాన భూభాగానికీ నడుమ అడ్డంగా పరుచుకున్న కొండ ప్రాంతమే అర్మేనియాలోని స్యూనిక్. దాని దక్షిణ కొసన ఇరాన్‌ను ఆనుకుని మేఘ్రి ఉంది. మూడు దశాబ్దాలుగా నఖ్చివాన్ ప్రజలు బాకూ వెళ్లాలంటే విమానమెక్కాలి, లేదా ఇరాన్ గుండా చుట్టు తిరిగి వెళ్లాలి. అర్మేనియాకూ అంతే ఇబ్బంది ఉంది. దాని నాలుగు సరిహద్దుల్లో అజర్‌బైజాన్, టర్కీ వైపు రెండూ మూతపడ్డాయి. టర్కీ తన సరిహద్దును 1993లో మూసింది. మిగిలినవి ఉత్తరాన జార్జియా, దక్షిణాన మేఘ్రి వద్ద సుమారు 44 కిలోమీటర్ల ఇరాన్ సరిహద్దు. జార్జియా మీదుగా రష్యా వెళ్లే ఎగువ లార్స్ కనుమ శీతకాలంలో మంచుతో తరచూ మూసుకుపోతుంది. అందువల్ల మేఘ్రి అజర్‌బైజాన్‌కు తూర్పు పడమరల దారి, అర్మేనియాకు ఉత్తర దక్షిణాల దారి. ఈ రెండు దారులూ అక్కడ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకోవలసి ఉండడంలోనే చిక్కంతా ఉంది.

2020 సెప్టెంబరు 27న మొదలై 44 రోజులు సాగిన రెండో కారాబాఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ గెలిచింది. నవంబరు 9 రాత్రి రష్యా అధ్యక్షుడు పుతిన్, అజర్‌బైజాన్ అధ్యక్షుడు ఇల్హామ్ అలియేవ్, అర్మేనియా ప్రధాని నికోల్ పషిన్యాన్ ఒక త్రైపాక్షిక ప్రకటనపై సంతకాలు చేశారు. తొమ్మిది అంశాల ఆ కాగితంలో రెండు అంశాలను పక్కపక్కన పెట్టి చదివితే తర్వాతి ఐదేళ్ల తగాదా ఎక్కడ పుట్టిందో కనబడుతుంది. ఆరో అంశం కారాబాఖ్‌ను అర్మేనియాతో కలిపే లాచిన్ దారి గురించినది. దాన్ని స్పష్టంగా ‘లాచిన్ కారిడార్’ అన్నారు, ఐదు కిలోమీటర్ల వెడల్పు నిర్ణయించారు, రష్యా శాంతి దళాల అదుపులో ఉంచారు. తొమ్మిదో అంశం ప్రకారం ఈ ప్రాంతంలోని ఆర్థిక, రవాణా సంబంధాలన్నీ తెరుచుకోవాలి. అజర్‌బైజాన్ పశ్చిమ ప్రాంతాలకూ నఖ్చివాన్‌కూ మధ్య మనుషులు, వాహనాలు, సరుకులు అడ్డంకి లేకుండా రెండువైపులా కదిలేందుకు అర్మేనియా రవాణా భద్రతకు హామీ ఇవ్వాలి. ఆ రవాణాపై అదుపు మాత్రం రష్యా భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీ సరిహద్దు దళాలది. ఈ తొమ్మిదో అంశంలో ‘కారిడార్’ అనే మాట లేదు.

లేని ఆ మాట కోసమే పోరు మొదలైంది. అజర్‌బైజాన్ ఆ దారికి, స్యూనిక్ ప్రాంతపు పాత పేరుతో, ‘జాంగెజూర్ కారిడార్’ అని పేరు పెట్టి, లాచిన్‌కు ఉన్న హోదాయే దీనికీ ఉండాలని వాదించింది. లాచిన్ దారిలో వెళ్లే అర్మేనియన్లను అజర్‌బైజాన్ అధికారులు తనిఖీ చేయనప్పుడు, నఖ్చివాన్ వెళ్లే అజర్‌బైజాన్ పౌరులను అర్మేనియా అధికారులు ఎందుకు తనిఖీ చేయాలన్నది వారి తర్కం. ప్రకటనలో దారులు తెరవడమనే మాటే తప్ప, తన భూమి మీద తన చట్టం చెల్లని పట్టీ ఒకటి ఇస్తామన్న మాట లేదని అర్మేనియా జవాబిచ్చింది. 2021 ఏప్రిల్‌లో అలియేవ్ ఈ కారిడార్‌ను అర్మేనియా ఒప్పుకుంటే సరే, లేకుంటే బలప్రయోగంతోనైనా తెరుస్తామన్నారు. రవాణా చర్చ ఆ మాటతో యుద్ధభయంగా మారింది.

పల్లెల్లో పొలం దారి తగాదాలు చూసినవారికి ఈ వాదన కొత్త కాదు. నాలుగువైపులా ఇతరుల పొలాలున్న మడిచెక్కకు దారి లేకపోతే పక్క పొలం గుండా దారి అడిగే హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కొన్ని షరతులతో గుర్తించింది. అందుకే కొనుగోలు దస్తావేజుల్లో ‘దారి హక్కుతో సహా’ అని రాయించుకుంటారు. అయితే దారి హక్కు వేరు, భూమి హక్కు వేరు. గట్టు మీద నడిచిపోవడానికి ఒప్పుకున్న రైతు, ఆ గట్టును వెడల్పు చేసి బండి తోలితే మొదట గొణుగుతాడు, కంకర పోసి ట్రాక్టరు తెస్తే తగువుకు దిగుతాడు, చివర్లో అవతలివాడు గేటు పెట్టి తాళం తన దగ్గరే ఉంచుకుంటే పెద్దమనుషుల దాకా వెళతాడు. అర్మేనియా భయమంతా ఆ చివరి మెట్టు గురించే. అజర్‌బైజాన్ ఫిర్యాదు మొదటి మెట్టు గురించి, అంటే ముప్పై ఏళ్లుగా నడక దారి కూడా ఇవ్వలేదన్న దాని గురించి. రెండింటిలోనూ నిజముంది. 1990ల ఆరంభంలో జరిగిన మొదటి కారాబాఖ్ యుద్ధంలో అర్మేనియన్ సేనలు కారాబాఖ్ చుట్టూ ఉన్న అజర్‌బైజాన్ జిల్లాలను ఆక్రమించినప్పుడు లక్షల మంది అజర్‌బైజానీలు నిరాశ్రయులయ్యారు. ఆ సేనల ఉపసంహరణ కోరుతూ 1993లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి నాలుగు తీర్మానాలు చేసింది. నఖ్చివాన్ దిగ్బంధం ఆ చరిత్రలో ఒక భాగం.

దారి ఇచ్చి భూమిని నిలుపుకోవచ్చా అన్న ప్రశ్నకు మన దేశంలోనే ఒక జవాబు ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బిహార్ జిల్లాలో తీన్ బిఘా అనే చిన్న ముక్క 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు ఉంటుంది. నాలుగువైపులా భారత భూభాగం చుట్టుముట్టిన దహగ్రామ్–అంగర్‌పోతా అనే బంగ్లాదేశ్ ప్రాంతాన్ని ఆ దేశపు ప్రధాన భూభాగంతో కలిపే దారి అదే. 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రెహమాన్ చేసుకున్న ఒప్పందంలోనే దీన్ని శాశ్వత లీజుకు ఇవ్వాలని రాసుకున్నా, అమలుకు రావడానికి 18 ఏళ్లు పట్టింది. ఈ లీజు వల్ల భారత సార్వభౌమాధికారం బంగ్లాదేశ్‌కు పోదని 1990లో సుప్రీంకోర్టు తేల్చిన తర్వాత, 1992 జూన్ 26న గేటు తెరిచారు. మొదట్లో పగటిపూట కొన్ని గంటలే దారి ఇచ్చేవారు. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచడం 2011లో గాని జరగలేదు. ఆ చిన్న ముక్కకే ఇంత కాలం ఎందుకు పట్టిందంటే, అదే ముక్కను ఉత్తర దక్షిణంగా దాటి వెళ్లే భారతీయ గ్రామాలవారు తమ దారి తెగిపోతుందని ఏళ్ల తరబడి ఉద్యమించారు. చివరకు రెండు దేశాల దారులూ అక్కడ ఒకే కూడలిలో ఒకదాన్నొకటి దాటుతున్నాయి, కాపలా మాత్రం భారత సరిహద్దు దళానిది. మేఘ్రి సమస్యకు ఇంత దగ్గర పోలిక మరొకటి దొరకదు. ఒక్క పెద్ద తేడా ఉంది. ఢిల్లీ, ఢాకాల మధ్య యుద్ధభయం లేదు. యెరెవాన్, బాకూల మధ్య ఉంది.

ఆ భయానికి కారణం లాచిన్. కారిడార్ అన్న మాట అర్మేనియన్ల చెవికి ఎలా వినిపిస్తుందో తెలియాలంటే అక్కడ జరిగినది కొంత వివరంగా చూడాలి. 2022 డిసెంబరు 12న పర్యావరణ కార్యకర్తలమని చెప్పుకున్న అజర్‌బైజాన్ పౌరులు లాచిన్ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. కాపలాకు ఉన్న రష్యా శాంతి దళాలు వారిని కదిలించలేదు. 2023 ఫిబ్రవరి 22న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ దారిలో మనుషులు, వాహనాలు, సరుకులు అడ్డంకి లేకుండా సాగేందుకు తన చేతిలో ఉన్న చర్యలన్నీ తీసుకోవాలని అజర్‌బైజాన్‌ను ఆదేశించింది. ఏప్రిల్ 23న అదే దారిలో వంతెన దగ్గర అజర్‌బైజాన్ తన తనిఖీ కేంద్రం పెట్టింది. ఆ వేసవి గడిచేసరికి కారాబాఖ్ అంగళ్లలో తిండిగింజలు, మందులు, పెట్రోలు కరువయ్యాయి. సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ సైన్యం దాడి చేసింది, ఇరవై నాలుగు గంటల్లో ఆట ముగిసింది. తర్వాతి రోజుల్లో లక్ష మందికి పైగా అర్మేనియన్లు అదే లాచిన్ దారి వెంట, మూటాముల్లెతో, ఒకేవైపు ప్రయాణించి అర్మేనియా చేరారు. ఐదు కిలోమీటర్ల వెడల్పు, రష్యా కాపలా, ముగ్గురు నాయకుల సంతకాలు, అంతర్జాతీయ న్యాయస్థానపు ఉత్తర్వు అన్నీ ఉన్న కారిడార్ ఒక గేటుతో మూతపడింది.

ఈ అనుభవం రెండు పక్షాల వాదనలనూ మార్చింది. లాచిన్‌లో తనిఖీ లేదు కాబట్టి జాంగెజూర్‌లోనూ ఉండరాదన్న అజర్‌బైజాన్, 2023 ఫిబ్రవరిలో మ్యూనిక్ భద్రతా సమావేశం వేళకే రెండు దారుల్లోనూ తనిఖీ కేంద్రాలు పెట్టుకుందామనే మాట ఎత్తింది. తన గేటు లాచిన్‌లో పెట్టుకోదలచినవాడు మేఘ్రిలో అవతలివాడి గేటును పూర్తిగా కాదనలేడు కదా. అర్మేనియాకు రష్యా హామీ మీద నమ్మకం పూర్తిగా పోయింది. మేఘ్రి దారి మీద ఎఫ్‌ఎస్‌బీ దళాల అదుపు అన్న తొమ్మిదో అంశం నుంచి తప్పుకోవడం దాని విధానంలో ముఖ్య లక్ష్యమైంది. 2023 అక్టోబరులో పషిన్యాన్ ‘శాంతి కూడలి’ అనే పథకాన్ని ముందుకు తెచ్చారు. దారులన్నీ తెరుద్దాం, కానీ ప్రతి దారీ అది వెళ్లే దేశపు చట్టం కిందే నడవాలి, సుంకాలూ తనిఖీలూ ఆ దేశమే చూసుకోవాలి అన్నది దాని సారం. 2024 ఆఖరుకు ఇరాన్ సరిహద్దులోని అగరాక్ తనిఖీ కేంద్రం నుంచి రష్యా సరిహద్దు భటులు తప్పుకున్నారు. సోవియట్ కాలం తర్వాత మొదటిసారి ఆ గేటు పూర్తిగా అర్మేనియన్ల చేతికి వచ్చింది.

ఇరాన్ ఈ తగాదాలో పక్షం కాకపోయినా, అందరికంటే ఎక్కువగా మాట్లాడిన దేశం. దానికి కారణముంది. 2021 సెప్టెంబరులో అర్మేనియాలోని గోరిస్–కపాన్ రోడ్డు మీద అజర్‌బైజాన్ పోలీసులు కాపు కాసి, ఇరాన్ లారీలను ఆపి రుసుం వసూలు చేశారు. ఆ రోడ్డు సోవియట్ కాలంలో వేసినది కావడంతో కొన్ని చోట్ల అజర్‌బైజాన్ భూభాగంలోకి వెళ్లి మళ్లీ బయటికి వస్తుంది. 2020 యుద్ధం దాకా ఆ వంకరలను ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరు ఇరాన్ డ్రైవర్లను నిర్బంధించడంతో వ్యవహారం ముదిరి, అక్టోబరులో ఇరాన్ సైన్యం సరిహద్దు దగ్గర విన్యాసాలు చేసింది. ఉన్న రోడ్డు మీదే పొరుగువాడి గేటు ఒక్క నెలలో ఇంత గొడవ తెస్తే, మేఘ్రి వద్ద ఇరాన్–అర్మేనియా సరిహద్దు పొడవునా మరొకరి అదుపులోని పట్టీ వస్తే ఏమవుతుందన్నది టెహ్రాన్ ఆలోచన. అందుకే 2022 అక్టోబరులో స్యూనిక్ రాజధాని కపాన్‌లో కాన్సులేట్ తెరిచింది. సరిహద్దు గీత మారడాన్ని సహించబోనని పలుమార్లు ప్రకటించింది. అదే సమయంలో, ఆచరణలో తెలివిగా, నఖ్చివాన్‌కు తన భూమి మీదుగా రోడ్డు, రైలు మార్గాలు వేసుకోవడానికి 2022 మార్చిలో అజర్‌బైజాన్‌తో అవగాహనకు వచ్చింది. అరస్ నదికి దక్షిణపు ఒడ్డున దారి ఉంటే ఉత్తరపు ఒడ్డున ఎందుకన్నది దాని లెక్క. ఇక్కడ ఇరాన్ కాపాడుకుంటున్నది అర్మేనియాను మాత్రమే కాదు, నఖ్చివాన్‌కు వెళ్లే దారికి తానే యజమానిగా ఉన్న స్థితిని కూడా.

టర్కీ సంగతి సరళం. మేఘ్రి తెరుచుకుంటే దానికి కాస్పియన్ సముద్రం దాకా, దాని అవతల మధ్య ఆసియా దాకా నేరుగా దారి ఏర్పడుతుంది. 2017లో మొదలైన బాకూ–త్బిలిసి–కార్స్ రైలు మార్గం జార్జియా చుట్టు తిరిగి ఆ పనే చేస్తోంది. 2025 ఆగస్టులో కార్స్ నుంచి నఖ్చివాన్ సరిహద్దులోని దిలుజు వరకు 224 కిలోమీటర్ల రైలు మార్గానికి టర్కీ శంకుస్థాపన చేసింది. అజర్‌బైజాన్ కూడా యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, 2021 ఆరంభంలో, తాను తిరిగి గెలుచుకున్న భూమిలో హొరాదిజ్ నుంచి అర్మేనియా సరిహద్దు వద్ద అఘ్‌బంద్ వరకు సుమారు 110 కిలోమీటర్ల లైను పనులు మొదలుపెట్టింది. ఒప్పందం కుదరకముందే రెండు కొసల నుంచీ పట్టాలు మేఘ్రి వైపు నడిచి వస్తున్నాయి. సాలూరు ఎగువన కొటియా పల్లెల చుట్టూ ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాల పోటీ గమనించినవారికి ఈ పద్ధతి తెలిసినదే. 1968 నుంచి కోర్టుకెక్కిన ఆ 21 గ్రామాల తగాదాలో రెండు రాష్ట్రాలూ దస్తావేజుల కన్నా రోడ్లు, బడులు, పింఛన్లు, గుర్తింపు కార్డులతోనే ఎక్కువగా వాదిస్తూ వచ్చాయి. దారి వేయడమే హక్కు చాటుకునే తీరు. కొటియాలో ఈ పోటీ వల్ల ప్రజలకు కొంత మేలు జరిగిందనవచ్చు. అక్కడ సైన్యాలు లేవు కనుక.

రష్యా విషయంలో ఒక చిన్న వివరాన్ని చాలామంది మరిచిపోతారు. అర్మేనియా రైళ్లను నడిపేది దక్షిణ కాకసస్ రైల్వే అనే సంస్థ. అది రష్యా రైల్వేల అనుబంధ సంస్థ. 2008లో 30 ఏళ్ల హక్కుపత్రం పొందింది. ఉక్రెయిన్ యుద్ధంలో మునిగి కాకసస్‌లో పట్టు సడలిన మాస్కో, గేటు నుంచి తప్పుకున్నా పట్టాల నుంచి తప్పుకోలేదు.

ఈ ఖాళీలోకి అమెరికా వచ్చింది. 2025 ఆగస్టు 8న శ్వేతసౌధంలో అలియేవ్, పషిన్యాన్ అధ్యక్షుడు ట్రంప్ సమక్షంలో ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. రెండు దేశాల విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందపు పాఠంపై పొడి సంతకాలు పెట్టారు. మేఘ్రి దారికి ‘అంతర్జాతీయ శాంతి శ్రేయస్సుల ట్రంప్ మార్గం’ అని పేరు పెట్టారు. ఆంగ్లంలోని పొడి అక్షరాలను బట్టి దాన్ని ‘ట్రిప్’ అంటున్నారు. ప్రాణం పోసిన మధ్యవర్తి పేరే దారికి పెట్టడం దౌత్యంలో అరుదు, కానీ ఆ పేరే ఈ ఏర్పాటుకు బీమా అని యెరెవాన్ భావించి ఉండవచ్చు. తన పేరున్న రోడ్డు మీద సైన్యం నడిస్తే ఏ అధ్యక్షుడూ చూస్తూ ఊరుకోడు, కనీసం తాను పదవిలో ఉన్నంతకాలం. ప్రకటన పాఠంలో రెండు పక్షాలకూ కావలసిన మాటలు రెండూ ఉన్నాయి. అజర్‌బైజాన్ ప్రధాన భూభాగానికీ నఖ్చివాన్‌కూ అర్మేనియా మీదుగా ‘అడ్డంకి లేని’ అనుసంధానం అజర్‌బైజాన్‌కు దక్కింది. దేశాల సార్వభౌమాధికారం, ప్రాదేశిక సమగ్రత, న్యాయాధికార పరిధి ఆధారంగా అన్న మాటలు అర్మేనియాకు దక్కాయి. 2020 నాటి ప్రకటనలో ఒక్క మాట లేకపోవడం వల్ల ఐదేళ్లు గొడవ జరిగింది. ఈసారి రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి, వాటి మధ్య సర్దుబాటును తర్వాతికి వదిలారు.

ఆ సర్దుబాటు రూపురేఖలు 2026 జనవరిలో అర్మేనియా, అమెరికా కలిసి ప్రచురించిన అమలు చట్రంలో కనిపించాయి. మార్గాన్ని నిర్మించి నడిపే సంస్థలో అమెరికాకు 74 శాతం, అర్మేనియాకు 26 శాతం వాటా ఉంటుంది, మొదటి గడువు 49 ఏళ్లు. సరిహద్దు, సుంకాల అధికారం అర్మేనియాదే. అయితే ప్రయాణికుడి ఎదుట కౌంటర్‌లో కూర్చునే పనిని ప్రైవేటు నిర్వాహకులకు అప్పగించి, పాస్‌పోర్టుల మీద నిర్ణయాన్ని వెనక గదిలోని అర్మేనియా అధికారులు తీసుకునే పద్ధతిని ఆలోచించారు. అజర్‌బైజాన్ ప్రయాణికుడికి అర్మేనియా యూనిఫాం కనబడదు, అర్మేనియా చట్టం మాత్రం చెల్లుతుంది. ముఖాలు చూసుకోవడానికి ఇష్టపడని ఇద్దరు దాయాదుల మధ్య మూడోమనిషి కూర్చుని చీటీలు అందించడం లాంటిదే ఇది. నవ్వు తెప్పించినా, ఇంతకంటే ఆచరణీయమైన ఉపాయం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. లోపం మరోచోట ఉంది. ఏదో ఒక రోజు వెనక గదిలోని అధికారి ఒక సరుకునో, ఒక మనిషినో ఆపాలని నిర్ణయిస్తాడు. ఆ రోజు అది ‘అడ్డంకి’ అవుతుందా, ‘న్యాయాధికార పరిధి’ అవుతుందా అన్నది కాగితం మీద తేలలేదు.

గీతకు అవతల చిక్కుకున్న మనిషికి ఈ తేడా ఏమిటో ఉత్తరాంధ్ర తీరానికి తెలుసు. గుజరాత్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 చివర్లో, నీటి మీద కనబడని గీత దాటారన్న అభియోగంతో, పాకిస్తాన్ అధికారులకు పట్టుబడ్డారు. వారిలో 20 మంది ఏడాదికి పైగా కరాచీ జైల్లో గడిపి 2020 జనవరిలో వాఘా గేటు మీదుగా ఇంటికి వచ్చారు. వేటకు వెళ్లినవారికి సార్వభౌమాధికారం అంటే గేటు తెరిచే తేదీ మాత్రమే. మేఘ్రి దారి మీద తొలి లారీ డ్రైవరుకూ అంతే.

దారి తెరుచుకున్నంత మాత్రాన సరుకు పరుగెత్తదన్నది మరో విషయం. టర్కీ, ఇరాన్ పట్టాల వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, అర్మేనియా, అజర్‌బైజాన్ పట్టాలు సోవియట్ కొలత ప్రకారం 1,520 మిల్లీమీటర్లు. ఎక్కడో ఒకచోట సరుకు దించి ఎక్కించాలి, లేదా పెట్టెల చక్రాలు మార్చాలి. నౌపడ–గుణుపురం లైను వెడల్పు మార్చడానికి 2004లో మూసి 2011లో గాని తెరవలేదు. ఒకే దేశంలో, ఒకే శాఖ చేతిలో, తొంభై కిలోమీటర్లకు ఏడేళ్లు పట్టింది. ఆరు రాజధానులు చూస్తుండగా మేఘ్రి కొండచరియల కింద వేసే లైనుకు చెబుతున్న గడువులను ఆ లెక్కతోనే చూడాలి. అయినా చిన్న కదలికలు కనిపిస్తున్నాయి. 2025 అక్టోబరులో అజర్‌బైజాన్ తన మీదుగా అర్మేనియాకు సరుకు రవాణాపై ఉన్న ఆంక్షలు ఎత్తివేసింది. తర్వాతి వారాల్లో కజకస్తాన్ గోధుమలు అజర్‌బైజాన్, జార్జియాల గుండా అర్మేనియా చేరాయి. డిసెంబరులో అజర్‌బైజాన్ పెట్రోలే రైలు మీద వచ్చింది. మేఘ్రిలో ఒక్క రైలుపట్టా వేయకుండానే ముప్పై ఏళ్ల దిగ్బంధంలో ఒక గొలుసు తెగిందంటే, అడ్డు ఉన్నది కొండల్లో కాదని తేలినట్టే.

భారతదేశానికి ఈ దారితో రెండు రకాల సంబంధం ఉంది. 2000లో రష్యా, ఇరాన్‌లతో కలిసి మొదలుపెట్టిన అంతర్జాతీయ ఉత్తర దక్షిణ రవాణా మార్గంలో ప్రధాన శాఖ అజర్‌బైజాన్ గుండా పోతుంది. ఇరాన్‌లోని చాబహార్ రేవు నుంచి మేఘ్రి మీదుగా నల్లసముద్రం చేరే అర్మేనియా శాఖను ఢిల్లీ ప్రత్యామ్నాయంగా చూస్తోంది. పినాక రాకెట్లు, స్వాతి రాడార్లు, ఆకాశ్ క్షిపణులు అమ్మిన తర్వాత అర్మేనియా మనకు ఆయుధాల ఖాతాదారు కూడా. టర్కీ, పాకిస్తాన్‌లు అజర్‌బైజాన్‌కు అండగా నిలవడం ఈ స్నేహానికి మరో కారణం. కానీ ఈ సమీకరణం స్థిరంగా లేదు. అప్పటిదాకా అర్మేనియాను ఒక దేశంగానే గుర్తించని పాకిస్తాన్ 2025 ఆగస్టు 31న దానితో దౌత్య సంబంధాలు నెలకొల్పుకుంది. చాబహార్‌పై అమెరికా ఆంక్షల కత్తి వేలాడుతూనే ఉంది. ఇరాన్‌ను ఒంటరి చేయదలచిన అమెరికాయే ఇరాన్ సరిహద్దు మీద 49 ఏళ్ల దారికి ప్రధాన వాటాదారైతే, ఇరాన్ నుంచి ఉత్తరంగా అర్మేనియాలోకి వచ్చే భారతీయ సరుకు ఆ పట్టాలను అడ్డంగా దాటవలసి వస్తుంది. మన విధానకర్తలు ఈ విషయం మీద బహిరంగంగా పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడవలసిన విషయం.

శాంతి ఒప్పందానికి ఇంకా తుది సంతకం మిగిలి ఉంది. అర్మేనియా రాజ్యాంగ పీఠిక 1990 నాటి స్వాతంత్ర్య ప్రకటనను ప్రస్తావిస్తుంది, ఆ ప్రకటన కారాబాఖ్‌తో ఏకీకరణను కోరిన 1989 నాటి తీర్మానాన్ని ఆధారం చేసుకుంది, కాబట్టి రాజ్యాంగం మార్చాలని బాకూ పట్టుబడుతోంది. అది ప్రజాభిప్రాయ సేకరణతో గాని జరగదు. ఓటు వేసేవారిలో లాచిన్ దారి వెంట వచ్చినవారి బంధువులు, స్యూనిక్ కొండపల్లెల రైతులు ఉంటారు.

దారి పూర్తయ్యాక నిజమైన పరీక్ష మేఘ్రి దగ్గరే, ఒక లెవెల్ క్రాసింగ్‌లో లేదా ఒక వంతెన కింద జరుగుతుంది. తూర్పు నుంచి పడమరకు ఆగకుండా పోవాలని రాసుకున్న అజర్‌బైజాన్ రైలూ, అగరాక్ గేటులో ముద్ర వేయించుకుని ఉత్తరానికి బయలుదేరిన ఇరాన్ లారీ ఒకే కొండ ఇరుకులో ఎదురుపడతాయి. తీన్ బిఘాలో ఆ కూడలికి ఒకే దేశపు కాపలా ఉంది, సిగ్నలు కూడా ఆ దేశానిదే. మేఘ్రిలో భూమి అర్మేనియాది, సంస్థలో పెద్ద వాటా అమెరికాది, ఇప్పటి రైల్వే హక్కుపత్రం 2038 దాకా రష్యా అనుబంధ సంస్థది. వీరిలో ముందు ఎవరికి పచ్చజెండా ఊపాలో నిర్ణయించే ఉద్యోగి ఏ సంస్థ జీతగాడు అవుతాడన్నది ఇంకా ఖాళీగా ఉన్న గడి.